బావ పేరు మీద నా రక్తం

మా బావ చావులో నా చెయ్యి ఉంది.

ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. కరోనాకు ముందటి సంవత్సరం నుంచి దీన్ని మోస్తున్నాను. బస్సులో కూర్చున్నా, పొయ్యి దగ్గర నిలబడినా, చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నా దిగని బరువు. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళయితే నా ముఖం చూసి ఓదార్చనైనా ఓదారుస్తారు, తిట్టనైనా తిడతారు. నాకు ఆ రెండూ వద్దు. వినండి, చాలు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ప్రొద్దుటూరులో ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో పని చేశాను. ఇల్లు జమ్మలమడుగులో. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోలేదా, కాలేదా అంటే, రెండూ కొంత నిజమే. అమ్మానాన్నలు పోయాక అక్కా బావల దగ్గరే ఉండిపోయాను. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో పిల్ల అంటే నేనే. తలకు రంగు వేసుకునే వయసొచ్చాక కూడా బావ నన్ను 'పాపా' అనే పిలిచేవాడు.

బావ లారీ డ్రైవరు. మా వైపు నాపరాయి బండలు వేసుకొని బొంబాయి దాకా, ఇంకా పైకి పోయేవాడు. పోతే పది పదిహేను రోజులకు గానీ తిరిగి వచ్చేవాడు కాదు. ఆయన పుట్టిన ఊరు కొండాపురం దగ్గర. గండికోట నీళ్ళు వచ్చి ఊరు మునిగిపోయింది, వాళ్ళవాళ్ళంతా తలా ఒక కాలనీలో పడ్డారు. ఆయన అప్పటికే మా ఇంటి మనిషైపోయాడు. నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే, ఈ పిల్లకు ఒక పని చేతిలో ఉండాల అని పట్టుబట్టి ల్యాబ్ కోర్సులో చేర్పించింది ఆయనే. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. తాళం బాగానే పడేది, గొంతే కొంచెం పక్కకు పోయేది. కళ్ళు మూసుకొని ఎంత ఇష్టంగా పాడేవాడంటే, ఎవరికీ ఏమీ అనబుద్ధి అయ్యేది కాదు.

ఒకసారి లారీతో లైనుకు పోయి వచ్చి, జ్వరం తగ్గక ఒళ్ళంతా నీరసపడిపోయాడు. ల్యాబ్‌కు రమ్మన్నాను. మలేరియా, టైఫాయిడ్ అన్నీ చూశాను. ఏమీ లేదు. సొంత మనిషి కదా అని, ఓనరు లేనప్పుడు, లెక్కలో రాయకుండా మిగతా కార్డులు కూడా వేశాను. ఆ పరీక్షలు ఎలా ఉంటాయంటే, చిన్న ప్లాస్టిక్ కార్డు మీద రక్తం నుంచి తీసిన చుక్క వేస్తే గీతలు తేలతాయి. ఒక గీత వస్తే లేదని, రెండు గీతలు వస్తే ఉందని. హెచ్ఐవీ కార్డు మీద రెండు గీతలు తేలాయి. పక్కన హెపటైటిస్ బి కార్డు. కాలేయాన్ని తినేసే కామెర్ల వైరస్ అది. దాని మీద కూడా రెండు గీతలు. కార్డులు రెండూ గుప్పిట్లో పట్టుకొని బాత్‌రూమ్‌లోకి పోయి తలుపు వేసుకున్నాను.

బావకు ఆ సాయంత్రమే చెప్పాను. ఏడవలేదు. ఎక్కడ, ఎప్పుడు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మీ అక్కకు చెప్పొద్దు అని మాత్రం అన్నాడు. సరే అన్నాను. షుగర్ చూస్తానని చెప్పి అక్క రక్తం తీశాను. ఆమెకు రెండూ లేవు. కొన్ని నెలలాగి మళ్ళీ చూశాను, అప్పుడూ లేవు. బావ నడుము నొప్పి అని మంచం వరండాలోకి మార్చుకున్నాడు. ఊర్లు తిరిగి తిరిగి నడుము విరగ్గొట్టుకున్నాడు పాపం అని అక్క జాలిపడింది. ధనుర్వాతం సూది అని చెప్పి అక్కకు కామెర్ల టీకా వేయించాను. అప్పుడు నాకు చాలా తెలివైనదాన్ని అనిపించింది. ఇంటిని నేనే నిలబెడుతున్నానని గర్వం కూడా ఉండేది. అబద్ధం చెప్పడం నాకు అంత సులభంగా ఎలా వచ్చేసింది?

బావ మందులకు పులివెందులకు పోయేవాడు. ప్రొద్దుటూరు దగ్గరే అయినా, అక్కడైతే తెలిసినవాళ్ళు తగులుతారని భయం. సర్కారు మాత్రలు, రోజూ తప్పకుండా వేసుకోవాలి. వేసుకున్నన్నాళ్ళు బాగున్నాడు, ఒళ్ళు చేశాడు. ఒక నెల అక్కడ వరుసలో నిలబడి ఉంటే, మునిగిపోయిన వాళ్ళ ఊరి మనిషి ఒకతను ఎదురుపడి, ఈడ నీకేం పనప్పా అని అడిగాడట. బావ ఎవరో బంధువును చూడడానికి వచ్చానని చెప్పి, మందులు తీసుకోకుండానే బస్సెక్కి వచ్చేశాడు. మళ్ళీ పోలేదు. నేను పోట్లాడాను. వచ్చే నెల పోతాలే అనేవాడు. శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థనకు కూర్చోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు అడిగి అడిగి నేను కూడా ఊరుకున్నాను. రోజూ రోగాల మధ్య ఉండేదాన్ని, మాత్రలు ఆపితే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. అయినా ఊరుకున్నాను.

ఆ తర్వాత కడుపు బాధ మొదలైంది. ముందు నాలుక మీద తెల్లగా పూత వచ్చింది, పెరుగు తిని నోరు కడుక్కోనట్టు. తర్వాత ముద్ద మింగితే గొంతులో, రొమ్ములో మంట. ఆ పైన కడుపు నొప్పి, విరేచనాలు. సంగటి ఇష్టంగా తినే మనిషి గంజి తాగడానికి భయపడ్డాడు. చొక్కా భుజాల మీద వేలాడింది. లారీ మానేశాడు. అక్క మిరియాల చారు పెట్టేది, దానిమ్మ పెచ్చు కషాయం కాచేది, చర్చిలో అందరితో ప్రార్థన చేయించేది. చివరకు వారానికి ఒకసారి ప్రొద్దుటూరు వచ్చే పేగుల డాక్టరు దగ్గరకు ముగ్గురం పోయాం. లోపలికి గొట్టం వేసి చూడాలన్నాడాయన. దానికి ముందు రక్త పరీక్షలు చేయించుకు రమ్మన్నాడు. గొట్టం వేసే ప్రతి మనిషికీ హెచ్ఐవీ, కామెర్ల వైరస్ చూడడం పద్ధతి.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో అక్క కొంచెం దూరంగా ఉన్నప్పుడు బావ నాతో ఒక మాటన్నాడు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. తెలిస్తే తెలుస్తుందిలే పాపా, డాక్టరు చెప్పకముందే మీ అక్కకు నేనే చెప్తా, ఈ కడుపు నొప్పి తగ్గితే చాలు అన్నాడు. అంటే ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఈసారి దాచమని నన్ను ఎవరూ అడగలేదు. అంత తొందరపడి అక్కకు చెప్పొద్దు బావా, రిపోర్టు రానీ, అన్నది నేను.

పరీక్షలు మా ల్యాబ్‌కే వచ్చాయి. బావ రక్తం నేనే తీశాను. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. కార్డులు మేం వేసినా, మా ఓనరు ఒక్కొక్కటి చేతిలోకి తీసుకొని, గీతలు తన కళ్ళతో చూసి, అప్పుడే సంతకం పెట్టేవాడు. ఉత్తుత్తినే లేదని రాసి ఇవ్వడం కుదరదు. కార్డు మీద ఒక గీతే తేలాలి. ఒక గీతే తేలాలంటే రక్తం వేరేది కావాలి.

వెనక గదిలోకి పోయాను. ఎడమ చేతికి రబ్బరు పట్టీ నేనే చుట్టుకొని, ఒక కొస పళ్ళతో పట్టుకొని బిగించాను. కుడి చేత్తో సూది గుచ్చుకున్నాను. ట్యూబు నిండాక దాని మీద బావ పేరు రాసిన కాగితం అంటించాను. మిగతా పరీక్షలన్నీ ఆయన రక్తంతోనే చేశాను. ఆ రెండు కార్డుల మీద మాత్రం నాది వేశాను. ఒక్కొక్క గీతే వచ్చింది. ఓనరు చూశాడు, సంతకం పెట్టాడు, టీ తాగడానికి పోయాడు. అంతే. అంత చిన్న పని అది.

ఎందుకు చేశావని అడుగుతారు మీరు. చెప్తాను. ఇప్పుడే కాదు. ఇప్పుడే చెప్తే మిగతాది మీరు వినరు.

సాయంత్రం రిపోర్టు తీసుకోవడానికి బావ ఒక్కడే వచ్చాడు. ల్యాబ్ మెట్ల మీద నిలబడి కాగితం కళ్ళ దగ్గర పెట్టుకొని చదివాడు. నేను చేసింది ఆయనకు అర్థమైపోతుందనుకున్నాను. ఏం చేసినావు పాపా అని అడిగితే ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆయన అది అడగలేదు.

"నెగటివ్ అంటే లేదనే కదా?" అన్నాడు.

"లేదనే బావా."

"పోయిందా? నాకు పోయిందా పాపా?"

ఆయన ముఖంలోకి చూడండి మీరు, నా చోట నిలబడి చూడండి. ఎముకలు తేలిన ముఖం. కళ్ళ నిండా నీళ్ళు. ఎన్ని శుక్రవారాలు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నాడో ఆ మనిషి. నిజం చెప్పడానికి ఒక క్షణం చాలు. ఆ క్షణం నా చేతిలోనే ఉంది.

"పోయింది బావా," అన్నాను.

ఆయన చెప్పులు విడిచాడు. ఆ మెట్ల మీదే, బజారులో అంతమంది పోతూ ఉంటే, చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. నేను లోపలికి వచ్చి ట్యూబులు కడుగుతూ కూర్చున్నాను.

ఇక అక్కకు చెప్పాల్సిన పని ఆయనకు లేకపోయింది. లేని జబ్బు గురించి ఏం చెప్తాడు? డాక్టరుకు మాత్రం ఎందుకు చెప్తాడు? గొట్టం వేసి చూసినప్పుడు పేగుల్లో పుండ్లు కనబడ్డాయి. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రక్తం శుభ్రంగా ఉందని రిపోర్టు వచ్చిన మనిషి పేగు ముక్కలో బూజు, అదే ఫంగస్, ఉంటుందని ఎవరు అనుకుంటారు? దాన్ని వెతకాలంటే ప్రత్యేకంగా రంగు వేసి చూడాలి. అడిగితేనే చూస్తారు. అడగడానికి డాక్టరుకు కారణం లేకుండా చేశాను నేను. పుండు, వాపు అని మాత్రమే రిపోర్టు వచ్చింది. ఇంతకుముందు ఏ జబ్బుకైనా మందులు వాడాడా అని డాక్టరు మళ్ళీ అడిగాడు. అక్క లేదంది. బావ నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను. క్షయ కూడా కాదని తేల్చుకొని, ఒంటిని కాపాడే శక్తే పేగుల మీద తిరగబడే జబ్బు ఒకటుందని, అదే అయ్యుంటుందని డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు. ఆయన తప్పేమీ లేదు. తన ముందున్న కాగితాన్ని నమ్మాడు.

స్టెరాయిడ్ అంటే ఒంటికి ఉన్న కాస్త కాపలా కూడా తీసేసే మందు. ఆ సంగతి నాకు తెలుసు. లోపలున్న రెండు వైరస్‌లకూ, పేగుల్లో పట్టిన ఆ బూజుకూ తలుపులు బార్లా తెరిచినట్టు. కానీ మొదట్లో అది చేసే మేలు చూస్తే ఎవరైనా మోసపోతారు. వారం తిరిగేసరికి బావకు నొప్పి తగ్గింది. ఆకలి పుట్టింది. సంగటి, పొట్టేలు కూర కావాలని అడిగి తిన్నాడు. ముఖం నిండింది. అక్క ఆనందం చెప్పలేను. నేను కూడా నమ్మాను, నిజంగా. దేవుడు నా తప్పును ఎలాగో సర్దేశాడని, నా అబద్ధాన్ని నిజం చేశాడని అనుకున్నాను. నా బొంద. ఎవరి మొహం చూసి సర్దుతాడు?

ఆ ఆదివారం బావ చర్చిలో సాక్ష్యం చెప్పాడు. దేవుడు తమకు చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పుకోవడం మా దగ్గర ఉన్నదే. నాలో ఒక పెద్ద రోగం ఉండేదని, దాని పేరు చెప్పనని, దేవుడు దాన్ని వేర్లతో సహా పీకేశాడని చెప్పాడు. ఆడవాళ్ళ వైపు తిరిగి, నా మాట నమ్మకపోతే మా పాపను అడగండి, తన చేత్తో చూసింది, అదే నాకు సాక్షి అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. పాస్టరయ్య నన్ను లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను. అవునని తలూపాను. చర్చి అంతా హల్లెలూయ అంది. నేనూ అన్నాను. అక్క పక్కనే ఉండి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అది కడుపు సంగతే అనుకుంది పిచ్చిది.

ఒకసారి చెప్పేద్దామని డాక్టరు వచ్చే రోజు చూసుకొని పోయాను. చీటీ తీసుకొని బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి పోయి ఏమనాలో మనసులో చదువుకున్నాను. సార్, ఆ రక్తం ఆయనది కాదు. అంతే, ఇంకేమీ అక్కర్లేదు. నా పేరు పిలిచారు. లేచాను. లేచి, బయటికి నడిచి, బస్టాండుకు పోయాను. ఇంటికి పోతే బావ వరండాలో డోలక్ తాళ్ళు బిగిస్తున్నాడు. బాగున్నాడు కదా, ఇప్పుడెందుకు కదిలించడం అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎన్నాళ్ళో బాగుండలేదు. కళ్ళు పచ్చబడ్డాయి, జ్వరం వచ్చింది. ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నవాడు కడుపు పట్టుకొని పక్కకు ఒరిగిపోయాడు. కడుపు బండలా బిగుసుకుంది. అంబులెన్సులో దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. పేగుకు చిల్లు పడింది. కోసి బాగు చేశారు. తీసిన పేగు ముక్క నిండా ఫంగస్ ఉందన్నారు. రక్తం మళ్ళీ చూశారు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి హెచ్ఐవీ ఉందని, కామెర్ల వైరస్ ఉందని, ఆ రెండూ ఉన్న మనిషికి స్టెరాయిడ్ పడడంతో ఫంగస్ ఒళ్ళంతా పాకిందని మెల్లగా చెప్పింది. దీనికి మందు ఉందమ్మా, మొదట్లోనే తెలిసి ఉంటే ఆ దారిలో వైద్యం చేసేవాళ్ళు అంది. ఆ మాట ఆమె నన్ను ఉద్దేశించి అనలేదు. కానీ ఈ రోజుకూ నా చెవుల్లో అదే.

అక్క ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత లేచింది. మా అక్క గొంతెత్తి మాట్లాడ్డం నేను అంతకుముందు వినలేదు.

"మా ఆయనకు ఆ జబ్బు ల్యాదు. ప్రొద్దుటూరులో చూపిచ్చినాం. మీరే అంటించినారు, ఎవరికో గుచ్చిన సూది తెచ్చి గుచ్చినారు," అంది. అని నా వైపు తిరిగింది. "చెప్పు పాపా. నువ్వే కదా చూసింది. చెప్పు."

తలూపాను. చర్చిలో ఊపినట్టే ఊపాను. ఆ డాక్టరమ్మ ముఖం తెల్లబోయింది. పక్కనున్న నర్సు కన్నీళ్ళు తుడుచుకుంటూ పోయింది. ఏ తప్పూ చేయనివాళ్ళు వాళ్ళు. బావ మత్తులోంచి తేరుకోలేదు. రెండో రోజు పోయాడు.

ఆ తర్వాత బతికామంటే బతికాం. నేను ల్యాబ్ మానేశాను. కళ్ళు సరిగా కనబడడం లేదని చెప్పాను. ఒక బడిలో ఆయాగా చేరాను. అక్క మాత్రం చుట్టుపక్కల అందరికీ అదే చెప్తుంది. మా ఆయన బంగారం లాంటి మనిషి, ఆస్పత్రోళ్ళు అంటించి చంపినారు అని. ఆ నమ్మకం మీదే ఆమె తలెత్తుకొని తిరుగుతోంది. దాన్ని నేనెలా లాగేయను? అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. చెప్పకపోవడమే ఆమెకు మేలు అని. అబద్ధం ఒకసారి ఇంట్లోకి వస్తే దానికీ ఒక పీట వేసి కూర్చోబెడతాం కాబోలు.

అక్క ఆ రోజు నుంచి ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు. జ్వరమొస్తే మాత్ర మింగుతుంది, అంతే. ఈ ఏడు ఆమెకు రక్తస్రావం మొదలైంది. నెలసరి ఆగిపోయి చాలా ఏళ్ళైన మనిషికి. దాచిపెట్టింది. బట్టలు ఉతికేటప్పుడు నేను చూశాను. కాళ్ళావేళ్ళా పడి మా ఊర్లోనే ఒక లేడీ డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. గర్భసంచిలో గడ్డ ఉందని, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో తీయించాలని, ఏ రకం గడ్డో తీస్తేగానీ తెలియదని ఆమె చెప్పింది. అక్క పోనంది. ప్రార్థన చేసుకుంటానంది. ఏడ్చాను, తిట్టాను, అన్నం మానేశాను. పాస్టరమ్మతో చెప్పించాను. కదల్లేదు.

"ఆయనకు అంటించినట్లు నాకూ అంటిస్తారు. ఆ చావు నాకొద్దు," అంది. "రక్తం ఇయ్యాలంటే నువ్వు తీయి, ఇస్తా. ఇంగెవరి సూదీ నా ఒంటికి తగలకూడదు."

అని చెయ్యి చాపింది. నిజంగానే చాపింది, అప్పుడే తీస్తానన్నట్టు. నరాలు తేలిన చెయ్యి. లోకంలో ఆమె నమ్మే సూది నాదొక్కటే. నా అబద్ధం బావను తిన్నది చాలక ఇప్పుడు అక్క దగ్గర కూర్చుంది. ఇంకా ఎవరి మేలు కోసం ఊరుకుంటాను?

ఆ పక్క రోజు మధ్యాహ్నం ఆమె చింతపండు గింజలు తీస్తుంటే ఎదురుగా కూర్చొని చెప్పేశాను. మొదటి కార్డుల నుంచి చెప్పాను. పులివెందుల మందులు, షుగర్ అని చెప్పి తీసిన రక్తం, టీకా, వెనక గది, మెట్ల మీద మాట, అన్నీ. ఆమె చేతులు ఆగలేదు. గింజ తీసి పళ్ళెంలో వేస్తూనే ఉంది. నేను ఆపాక కూడా కొంతసేపు తీసింది.

"ఆయనకు తెలుసునా, అది నీ రక్తమని?" అని అడిగింది.

"తెలీదక్కా."

"అయితే పోయిందనుకొనే పోయినాడు."

అవునన్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. పళ్ళెం పక్కకు జరిపి, నా ముఖంలోకి చూసి, ఎవరి కోసం చేసినావు అని అడిగింది.

"నీ కోసమే అక్కా," అన్నాను.

లేచి లోపలికి పోయింది. తెల్లారి పాస్టరమ్మను పిలిపించుకొని, సంచీ సర్దుకొని, ఇద్దరూ కడప బస్సెక్కారు. నేను వెంట బయల్దేరితే వద్దని చేత్తోనే సైగ చేసింది. పాస్టరమ్మ ఫోన్ చేసి చెప్తోంది. అక్కడ ఎవరో పిల్ల సూది పట్టుకొని వస్తే అక్క నోరెత్తకుండా చెయ్యి ఇచ్చిందట. ఆపరేషన్ అయిందట. తీసిన గడ్డ పరీక్షకు పంపారట, ఇంకా రాలేదట. అక్క నా గురించి అడిగిందా అని అడిగితే, పడుకొనుందమ్మా అంటోంది.

ఇప్పుడు చెప్తాను, ఎందుకు చేశానో. అక్కతో అన్నది అబద్ధం. అక్క కోసం కాదు. బావ చెప్తానంటే అక్క వినేది. వారం రోజులు ఏడ్చేది, మాట్లాడకుండా ఉండేది, ఆ తర్వాత వేళకు మాత్ర చేతిలో పెట్టి నీళ్ళు అందించేది. మా అక్క నాకు తెలియదా? ఆ ఇంట్లో ఆ సంగతి బయటపడితే తట్టుకోలేనిది ఒక్కదాన్నే, నేను. ఆ రోజు వెనక గదిలోకి పోయేముందు నా కళ్ళ ముందు మెదిలింది అక్క కాదు, బావ కాదు. మా ఓనరు. ఆయన కార్డు చేతిలోకి తీసుకొని, రెండు గీతలు చూసి, పేరు చూసి, మీ బావ కదా అని అడిగి, తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసే చూపు. పెళ్ళి కాని మనిషి, ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంది, నువ్వు కూడా ఒకసారి చూపించుకోమ్మా అంటాడని. ల్యాబ్‌లో, బస్సులో, చర్చిలో ఆడవాళ్ళ వైపు, అందరూ అలాగే చూస్తారని. నాకూ బావకూ మధ్య ఏమీ లేదు. నన్ను కూతురిలా చూసుకున్న మనిషి ఆయన. లేనిదాన్ని జనం ఉందనుకుంటారేమోనని భయపడ్డాను. ఆ భయానికి ఆయన్ని ఇచ్చేశాను.

ఇది అక్కకు చెప్పలేదు. ఆమె తిరిగి వస్తే చెప్తానో లేదో, చెప్పడానికి ఎదురుగా కూర్చోనిస్తుందో లేదో తెలియదు. మీకు చెప్పాను. రాస్తుంటే లోపల ఏదో కొంచెం జరిగింది. దిగలేదు, జరిగింది. ఊపిరి తీసుకోవడానికి అంత సందు దొరికింది. అంతకంటే ఎక్కువ నాకు రాకూడదు కూడా. ఇంత రాసి, కింద నా పేరు పెడదామని కాసేపు కూర్చున్నాను. పెట్టలేకపోతున్నాను. ఇప్పటికీ ఆ చూపంటేనే భయం నాకు.